కవాసోస్ మాస్టారి సంస్మరణ సభ

ఫిలిబెర్తో కవాసోస్ చనిపోయాడన్న సంగతి అందరికన్నా ఆఖరున తెలిసింది ఫిలిబెర్తో కవాసోస్‌కే. అప్పటికి శాన్ ఆంటోనియోలో ఆయన్ని ఎరిగినవాళ్ళూ ఎరగనివాళ్ళూ కూడా ఒక విడత ఏడ్చేసి, కళ్ళు తుడుచుకుని, భోజనాలు కూడా కానిచ్చేశారు.

ఆ పూట ఆయన అక్క తెంచా ఇంట్లో వంటింటి బల్ల ముందు కూర్చుని ఫోన్ వంక చూస్తున్నాడు. రెండేళ్ళ కిందట కాలేజీలో రిటైరైన దగ్గర్నుంచి ఆయన ముఖ్యమైన పని అదే. ప్రశాంతంగా రాసుకుంటానని అందరికీ చెప్పి, నగరంలో ఇల్లు ఖాళీ చేసి, దక్షిణాన రెండు గంటల దూరంలో ఉన్న ఈ చిన్న ఊరికి వచ్చి అక్క పంచన చేరాడు. ప్రశాంతత కావలసినంత దొరికింది. రాత దొరకలేదు. కాలేజీవాళ్ళు కార్లేసుకుని వచ్చి, మీరు లేకపోతే మాకు గడవడం లేదు మాస్టారూ అని గడ్డం పట్టుకుని బతిమాలతారని ఆయన గట్టిగా నమ్మాడు. వాళ్ళకి గడిచింది.

పోనీ సెప్టెంబరు మధ్య నుంచి అక్టోబరు మధ్య దాకా అయినా ఫోన్ మోగేది. ఆ నెలరోజులూ మన లాటినో జనాల వారసత్వ మాసమని ప్రభుత్వంవారు దయతలచి నిర్ణయించారు కాబట్టి, ఆ నెలలో ప్రతి బడికీ, ప్రతి లైబ్రరీకీ, ఆఖరికి బ్యాంకులకి కూడా కవిత్వం మీద అర్జంటుగా ప్రేమ పుట్టుకొచ్చేది. ఓ మెక్సికన్ కవిని పిలిచి, రెండు పద్యాలు చదివించుకుని, మొక్కజొన్న పిండితో ఉడికించిన తమాలెస్ నాలుగు పెట్టి పంపేవాళ్ళు. ఆ నెల దాటాక కవి ఎదురుపడినా గుర్తుపట్టేవాళ్ళు కాదు. ఈ ఏడు ఆ నెల కూడా ఫోన్ మోగకుండానే వెళ్ళిపోయింది. అన్నిచోట్లకీ బాల్తసార్ ఒచోవాని పిలిచారట. ఒచోవా కూడా కవే. ఫిలిబెర్తో కవిత్వం నిండా తిండి పేర్లేనని, అది హోటల్లో మెనూ కార్డని నలభై ఏళ్ళుగా వెక్కిరిస్తున్నవాడు.

"ఫోన్ చూపులకి ఉడుకుతుందా? ఆ కాఫీ తాగెయ్," అంది తెంచా. తెంచా ముప్ఫై ఏళ్ళు సిటీ బస్సు నడిపిన మనిషి. మాట కూడా అలాగే, బ్రేకు వేసినట్టు ఉంటుంది.

అప్పుడే వాకిట్లో కారు ఆగింది. దిగింది నోయెలియా. ఒకప్పుడు ఫిలిబెర్తో శిష్యురాలు, ఇప్పుడు కాలేజీలో ఆయన గురువారం క్లాసు నడుపుతున్న మనిషి. లోపలికి వచ్చీ రాగానే ఆయన రెండు చేతులూ పట్టుకుని, వేళ్ళు నొక్కి చూసి, ఊపిరి పీల్చుకుంది.

"మాస్టారూ, మీరొకసారి కూర్చోండి."

"కూర్చునే ఉన్నాను కదమ్మా."

"అయితే నేను కూర్చుంటా," అని కుర్చీ లాక్కుంది. "మొన్న, చనిపోయినవాళ్ళని తలుచుకునే పండక్కి కాలేజీ వరండాలో పీఠం పెట్టాం. ప్రతి ఏడూ పెట్టేదే. బంతిపూలు, కొవ్వొత్తులు, రొట్టెలు, పంచదార పుర్రెలు. ఈసారి పిల్లలు కవుల పీఠం పెడదామన్నారు, సరే అన్నాను. మా అమ్మకి ఒంట్లో బాగోక నేను రెండు రోజులు రాలేదు. ఈలోగా కొత్తగా చేరిన ఓ అమ్మాయి మీ పుస్తకం అట్ట మీది ఫోటో తెచ్చి మధ్య మెట్టు మీద పెట్టింది."

"నా ఫోటోనా? పీఠం మీదా?"

"దాని తప్పు కాదు మాస్టారూ. మీ పద్యం బళ్ళో పాఠం కదా. పాఠంలో ఉన్నవాళ్ళంతా పోయినవాళ్ళే అనుకుంది."

తెంచా పొయ్యి దగ్గర్నుంచి వెనక్కి తిరిగింది. "ఆ పద్యమేనా? నేను తెల్లారుజామునే లేచి రొట్టెలు తట్టే పద్యం?"

ఆ పద్యమే. 'మా అక్క చేతులు' అన్న ఆ పద్యాన్ని టెక్సస్‌లో రెండు తరాల పిల్లలు కంఠతా పట్టారు. అందులో అక్క చీకటితో లేచి, పిండి మెత్తిన చేతులతో రొట్టెలు తడుతూ, ఆ చప్పుడుతో ఓ జాతినంతటినీ నిద్రలేపుతుంది. తెంచా జన్మలో రొట్టె తట్టలేదు. కొట్లో ప్యాకెట్లు కొనేది. చీకటితో లేచిన మాట నిజమే, బస్సు డిపోకి వెళ్ళడానికి లేచేది. ఆ పద్యం పుణ్యమా అని చర్చిలో కనిపించిన ప్రతి పిల్లా ఆమె చేతులు ముద్దు పెట్టుకుని, రొట్టెలు నేర్పమని అడుగుతుంది.

"సరే, ఫోటో తీసేస్తే పోయేది కదా," అన్నాడు ఫిలిబెర్తో.

"నేను వచ్చేసరికే చెయ్యి దాటిపోయింది. పీఠం మీద ఫోటో ఉంటే మనవాళ్ళు ఎప్పుడు పోయాడని అడగరు కదా, పువ్వు పెట్టి దండం పెడతారు. పైగా ఈ రెండేళ్ళలో నేను తప్ప కాలేజీవాళ్ళు ఒక్కరూ మీకు ఫోన్ చెయ్యలేదు. ఎప్పుడు పోయారని అడిగితే ఆ సంగతి బయటపడదూ? అందుకని అందరూ ముందే తెలిసినట్టు మాట్లాడారు. ఆఫీసులో డోరా పువ్వులు పంపానంది. లెక్కల ప్రొఫెసరు సలాసర్ అయితే సమాధి దగ్గర దాకా వెళ్ళానన్నాడు. సన్నగా వాన పడుతోందట."

ఫిలిబెర్తో మొహం ఎర్రబడింది. పళ్ళు బిగించి కిటికీలోంచి బయటికి చూశాడు. ఏదో పెద్ద మాట అంటాడని ఇద్దరూ ఎదురుచూశారు.

"ఎవరెవరు ఏడ్చారు?" అన్నాడు.

"నేను ఏడవలేదని రాసుకో," అంది తెంచా.

నోయెలియా నవ్వలేదు. అసలు విషయానికి వచ్చింది. గురువారం క్లాసుని ఈ డిసెంబరుతో మూసేస్తామని డీన్ బెనవీదెస్ పోయిన నెల్లోనే చెప్పాడు. పన్నెండు మంది లేకపోతే ఏ క్లాసూ నడవకూడదని నియమం. ఏడుగురే ఉన్నారు. నోయెలియా కాళ్ళావేళ్ళా పడినా వినలేదు. అలాంటి బెనవీదెస్ పీఠం దగ్గర జనాన్ని, ఆ వెనకే వచ్చిన టీవీ కెమెరాని చూసేసరికి కరిగి నీరైపోయాడు. ఆదివారం కాలేజీ హాల్లో పండగ ముగింపు కార్యక్రమంతో పాటే కవాసోస్ మాస్టారి సంస్మరణ సభ అని ప్రకటించేశాడు. గురువారం క్లాసు గురించి ఆ సభలో ముఖ్యమైన మాట చెబుతానని కూడా అన్నాడు.

"క్లాసు ఉంచేస్తారు మాస్టారూ. అంతమంది ముందు మూసేస్తానని అనలేడు కదా. కాబట్టి ఆదివారం దాకా మీరు కాస్త అలాగే ఉంటే బావుంటుంది."

"అలాగే అంటే?"

"అంటే... పోయినట్టే."

ఇరవై ఎనిమిదేళ్ళు బతికి ఉండి కాపాడుకోలేని క్లాసు చచ్చిపోతే నాలుగు రోజుల్లో నిలబడుతోందన్నమాట. ఫిలిబెర్తోకి ఒళ్ళు మండింది. మండుతూనే లోపల ఎక్కడో చల్లగా కూడా అనిపించింది, ఎందుకంటే హాలంటే చిన్న హాలు కాదు. ఆయన పుస్తకావిష్కరణలకి ఆ హాలు ఎప్పుడూ ఇవ్వలేదు.

ఆ క్లాసు సంగతి ఇక్కడ చెప్పుకోవాలి. గురువారం సాయంత్రం, బాయిలర్ పక్క గదిలో, పరీక్షలూ మార్కులూ లేకుండా నడిచేది. నర్సులు, మెకానిక్కులు, సైన్యంలో పనిచేసి వచ్చినవాళ్ళు, పిల్లల్ని పెంచి పెద్దచేసిన తల్లులు వచ్చేవాళ్ళు. ఒకే పద్యంలో స్పానిష్ ఒక పాదం, ఇంగ్లీషు ఒక పాదం, నోటికి ఏది వస్తే అది రాసేవాళ్ళు. వాళ్ళలో చాలామందికి చిన్నప్పుడు బళ్ళో స్పానిష్ మాట్లాడితే చెక్క పలకతో పిర్రల మీద దెబ్బలు పడ్డవే. ఫిలిబెర్తోకీ పడ్డాయి. తను చేసిన పనుల్లో నిజంగా పనికొచ్చింది ఆ ఒక్కటేనని ఆయనకి తెలుసు, ఎవరితోనూ అనేవాడు కాదు. తను వెళ్ళిపోయాక ఆ కుర్చీలో నోయెలియా కూర్చుందని తెలిసి మాత్రం మూతి ముడుచుకున్నాడు. ఒకసారి వచ్చి వెనక కూర్చోండి మాస్టారూ అని ఆ పిల్ల ఎన్నోసార్లు పిలిచింది. తీరిక లేదన్నాడు. ఫోన్ వంక చూడటానికే సరిపోయేది మరి.

"ఉంటాను," అన్నాడు చివరికి. "కానీ సభకి వస్తాను."

"మాస్టారూ, దయచేసి."

"నా గురించి ఏమంటారో నేను వినకపోతే ఎలా?"

ఆ మొండితనం ముందు నోయెలియా నీరుగారిపోయింది. దారి చూపించింది తెంచానే. "పండగ కదా, హాల్లో సగం మంది మొహాన పుర్రె వేసుకునే వస్తారు. వీడికీ వేసేస్తే సరి. ఎలాగూ పోయాడుగా."

ఆదివారం పొద్దున తెంచా తమ్ముణ్ణి పెరట్లో కూర్చోబెట్టి మొహమంతా తెల్లరంగు పులిమింది. కళ్ళ చుట్టూ నల్లటి గుంటలు వేసింది, పెదాల మీదుగా పళ్ళు గీసింది. పని పూర్తయ్యాక కాస్త దూరం జరిగి చూసుకుంది.

"డెబ్భై ఏళ్ళలో ఇవాళే కళగా ఉన్నావురా."

హాలు నిండిపోయింది. కుర్చీలు చాలక గోడల వెంట నిలబడ్డారు. వెనక వరసలో అక్క పక్కన కూర్చున్న ఫిలిబెర్తో ఆ జనాన్ని చూసి గుటకలు మింగాడు. ఆయన ఆఖరి పుస్తకం 'ఉల్లిపొలాల పాటలు' చదివిన రోజున లైబ్రరీకి వచ్చినవాళ్ళు ఒక బెంచీకి సరిపోయారు. అందులోనూ ఒకాయన బయట ఎండగా ఉందని వచ్చి కూర్చున్నవాడు. ఇవాళ వీళ్ళంతా బంతిపూలు పట్టుకుని వచ్చారు. కవి పోతే గానీ కవిత్వం వినడానికి తీరదన్నమాట మనవాళ్ళకి.

బెనవీదెస్ మైకు ముందుకొచ్చాడు. గొంతులో తడి చాలినంత పెట్టుకుని కవాసోస్ మాస్టారి జీవితం చెప్పడం మొదలుపెట్టాడు.

"పత్తి పొలాల్లో పుట్టాడు ఫిలిబెర్తో," అన్నాడు.

తెంచా దగ్గింది. వాళ్ళ నాన్న మంగలి. పట్నంలో సొంత షాపు, తిరిగే కుర్చీ, గోడకి రేడియో కూడా ఉండేవి. ఫిలిబెర్తో పదిహేనో ఏట ఒకే ఒక్క వేసవి ఉల్లిపాయలు తీసే పనికి వెళ్ళి, మూడోనాడు కళ్ళు తిరిగి పడిపోతే, నీళ్ళు మోసే పనిలో పెట్టారు. ఆ మూడు రోజుల మీద మూడు పుస్తకాలు రాశాడు. పత్తి పొలాల్లో పుట్టాడన్న మాట ప్రచురణకర్తకి నచ్చి అట్ట మీద వేసుకున్నాడు, ఫిలిబెర్తో దాన్ని కొట్టేయలేదు. కాబట్టి ఇందులో బెనవీదెస్‌ని అనడానికేం లేదు.

"బడిలో భాష మీద మమకారం పెంచుకున్నాడు," అన్నాడు డీన్. ముందు వరసలో బడుల సూపరింటెండెంటు కూర్చుని ఉంది, ఆమె తలూపింది. చెక్క పలక సంగతి డీన్ ఎత్తలేదు. ఫిలిబెర్తోకి ఆ పలక గుర్తొచ్చింది. దానికి గాలి అడ్డు తగలకుండా బెజ్జాలు ఉండేవి. నీళ్ళు కావాలని స్పానిష్‌లో అడిగినందుకు కొట్టారు. ఆ తర్వాత ఓ ఏడాది ఆయన బళ్ళో ఏదీ అడగలేదు.

"నాకు ప్రాణమిత్రుడు," అన్నాడు డీన్. "ప్రతి విషయమూ నాతో సంప్రదించేవాడు."

"వీడు నీకేమవుతాడు?" అని గుసగుసగా అడిగింది తెంచా.

"ఒకసారి నా కారు అద్దానికి జరిమానా చీటీ అంటించాడు," అన్నాడు ఫిలిబెర్తో.

తర్వాత బాల్తసార్ ఒచోవా లేచాడు. నల్ల కోటు వేసుకుని, పొడుగాటి కాగితం విప్పి, స్మృతిగీతం అందుకున్నాడు. అందులో ఫిలిబెర్తో గద్ద అయ్యాడు, ఆ పాదంలోనే బ్రహ్మజెముడు అయ్యాడు, మొక్కజొన్న అయ్యాడు, డప్పు అయ్యాడు, చివరికి నది అయ్యాడు. ఇంక అవడానికి ఏమీ మిగల్లేదని ఫిలిబెర్తో అనుకుంటుండగా రెండో పేజీ తిప్పాడు. చచ్చినవాడికి ఇంతకన్నా శిక్ష ఉండదు. అయితే ఆ పేజీ మధ్యలో ఒచోవా ఆగిపోయాడు. కళ్ళజోడు తీశాడు. కాగితంలో లేని మాట అన్నాడు.

"ఇకమీదట నేను ఎవణ్ణి తిట్టుకోవాలి? ఏం రాసినా, వాడు చదివితే ఏమంటాడోనని రాసేవాణ్ణి."

అని కూర్చుండిపోయాడు. ఫిలిబెర్తో మొహం మారిపోయింది. పుర్రె మొహం కాబట్టి ఎవరికీ తెలియలేదు.

మళ్ళీ డీన్ వచ్చాడు. టీవీ కెమెరా దగ్గరికి జరిగింది. ముందు వరస పక్కన నోయెలియా, ఆమె వెనక గురువారం క్లాసు ఏడుగురూ చేతుల్లో కాగితాలతో నిలబడి ఉన్నారు. తమ పద్యాలు చదివే వంతు వస్తుందని వాళ్ళకి చెప్పారు.

"ఇక ముఖ్యమైన మాట," అన్నాడు బెనవీదెస్. "గురువారం క్లాసు అంటే కవాసోస్. కవాసోస్ అంటే గురువారం క్లాసు. ఆయన కుర్చీలో ఇంకొకరిని కూర్చోబెట్టడం ఆయనకి అపచారం. అలాంటి గురువు మళ్ళీ పుట్టడు. అందుకని ఆయన గౌరవార్థం ఆ క్లాసుని ఈ డిసెంబరుతో శాశ్వతంగా ముగిస్తున్నాం. ఆ గదికి కవాసోస్ మందిరమని పేరు పెడుతున్నాం, ఇత్తడి ఫలకం వేయిస్తున్నాం. బడ్జెట్ కమిటీ ఇకనుంచి అక్కడే సమావేశమవుతుంది. ఆ మహానుభావుడే బతికి ఉంటే ఆ క్లాసు ఇంకో ముప్ఫై ఏళ్ళు నడిచేది. మన దురదృష్టం."

చప్పట్లు మోగాయి. కొందరు లేచి నిలబడి మరీ కొట్టారు. క్లాసు మూతపడిందని వాళ్ళకి అర్థమే కాలేదు, ఎందుకంటే ఇంత గౌరవంగా మూసేయడం వాళ్ళు ఎప్పుడూ చూడలేదు.

నోయెలియా కదల్లేదు. చెంప మీద కొట్టినట్టు నిలబడి, వెనక వరస వంక చూసింది. వెంటనే చూపు తిప్పేసుకుంది. పోయినట్టు ఉండమని అడిగింది తనే కదా.

ఒక్క నిమిషం పాటు ఫిలిబెర్తో కదలకుండా కూర్చున్నాడు. నిజం చెప్పుకోవాలి. ఆ నిమిషంలో ఆయన ఇత్తడి ఫలకం గురించి ఆలోచించాడు. తన పేరు, అందమైన అక్షరాలతో. లేచి నిలబడితే ఆ ఫలకం ఉండదు, ఈ బంతిపూలూ ఉండవు. అందరిముందూ వేషగాడవుతాడు. కూర్చునే ఉంటే మంచివాడుగా, గొప్పవాడుగా, పోయినవాడుగా మిగులుతాడు. ఆ క్లాసు ఎలాగూ పోయేదే కదా అని కూడా అనిపించింది.

అప్పుడు ఆ ఏడుగురిలో ఒకాయన, సైన్యం నుంచి వచ్చిన ముసలాయన, తన చేతిలో కాగితం వంక చూసుకున్నాడు. ఇక చదవక్కర్లేదని అర్థం చేసుకుని, నెమ్మదిగా నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో దాచుకున్నాడు. ఎవరి మీదా కోపం లేకుండా, అలవాటైన పనిలాగా చేశాడు. అది చూసి ఫిలిబెర్తోకి సిగ్గేసింది. తన మీద తనకే అసహ్యం వేసింది. లేచాడు.

"డీన్ గారూ, నేను బతికే ఉన్నాను."

హాలంతా వెనక్కి తిరిగింది. పుర్రె మొహం, నల్ల కోటు, వణుకుతున్న గొంతు. ఎంత బాగా వేశాడండీ అంటూ చప్పట్లు కొట్టారు. పండగలో ఇలాంటి వేషాలు మామూలే.

"వేషం కాదు. ఫిలిబెర్తో కవాసోస్‌ని నేనే."

చప్పట్లు ఇంకా ఎక్కువయ్యాయి. గొంతు కూడా దించేశాడే అన్నారెవరో. ఫిలిబెర్తో అక్క భుజం మీది శాలువా లాక్కుని మొహం రుద్దుకున్నాడు. తెలుపూ నలుపూ కలిసి బూడిదరంగు అయ్యాయి గానీ ఆ ముక్కూ ఆ పుట్టుమచ్చా బయటపడ్డాయి. చప్పట్లు ఒక్కో వరసా ఆగిపోతూ వచ్చాయి. సమాధి దగ్గర వానలో తడిసిన సలాసర్ ప్రొఫెసరు శిలువ గుర్తు వేసుకుని కుర్చీలో కిందికి జారాడు.

మొదట తేరుకున్నది ఒచోవా. "వీడంతేనండీ. చచ్చి కూడా నన్ను పద్యం పూర్తి చెయ్యనివ్వడు," అని కళ్ళు తుడుచుకున్నాడు.

డీన్లు డీన్లవడానికి కారణం ఉంటుంది. బెనవీదెస్ క్షణంలో నవ్వు తెచ్చుకున్నాడు. "ఇంతకంటే శుభవార్త ఏముంటుంది మాస్టారూ. అందరం మోసపోయినందుకు ఇంత ఆనందం ఎప్పుడూ కలగలేదు."

"నేను బతికుంటే క్లాసు నడిచేదన్నారు."

"అన్నాను, అన్నాను. కానీ నియమం ఒకటుంది కదా. పన్నెండు మంది ఉండాలి. ఏడుగురే ఉన్నారు. నాదేముంది చెప్పండి."

ఫిలిబెర్తో జనం వైపు తిరిగాడు. "విన్నారుగా. ఇంతమంది నాకోసం ఏడ్చారు. నాకు ఐదుగురు చాలు. గురువారం సాయంత్రం. ఫీజు కూడా లేదు."

హాల్లో అంత నిశ్శబ్దం ఆయన చచ్చిపోయాడన్నప్పుడు కూడా లేదు. బంతిపూలు ఒళ్ళో పెట్టుకుని అందరూ వాటినే పరీక్షగా చూసుకున్నారు. ఒకాయనకి గురువారాలు బౌలింగ్ ఉందని గుర్తొచ్చింది. ఒకావిడ మనవణ్ణి చూసుకోవాలంది. సూపరింటెండెంటుకి ఫోన్ వచ్చింది, మోగకుండానే.

"నేను వస్తాను," అన్నాడు ఒచోవా. "వాడి గురించి రాసింది సగంలో ఉంది. పూర్తిచెయ్యాలి."

సలాసర్ మెల్లిగా చెయ్యి ఎత్తాడు. "మాస్టారూ, సమాధి దగ్గర వాన పడిందన్నది నేనేనండీ."

"తెలుసు. ఆ వాన బావుంది. రండి."

ఆ మాటకి కొందరు నవ్వారు. ఆఫీసు డోరా, పువ్వులు పంపానన్న మనిషి, నవ్వలేక తల దించుకుని చెయ్యెత్తింది. తెంచా కుర్చీలోంచి లేచింది.

"నన్నూ వేసుకోండి. నలభై ఏళ్ళుగా రొట్టెలు తడుతున్నాను, ఇక చేతులు కడుక్కోవాలి."

నలుగురయ్యారు. ఫిలిబెర్తో ఎదురుచూశాడు. ఒక్కరు. ఇంత హాల్లో ఒక్కరు. ఎవరూ కదల్లేదు. కెమెరావాడు కూడా తల పక్కకి తిప్పుకున్నాడు. డీన్ జాలిగా పెదవి విరిచాడు.

"పదకొండు. పాపం, అంచు దాకా వచ్చారు. నియమం నియమమే మాస్టారూ, మీకు తెలియనిదేముంది. అయినా ఈ వయసులో వారం వారం అంత దూరం నుంచి వచ్చి పాఠం చెప్పడం మీకూ కష్టమే."

ఫిలిబెర్తో నోయెలియా వంక చూశాడు. రెండేళ్ళుగా ఆ పిల్ల ఆ బాయిలర్ గదిలో ఒంటరిగా కొట్టుకులాడుతుంటే తను అక్క ఇంట్లో ఫోన్ ముందు కూర్చుని అలిగాడు. ఆ కుర్చీ తనదని అలిగాడు.

"పాఠం చెప్పడానికి నేను వస్తానని ఎవరన్నారండీ?" అన్నాడు. "పాఠం చెప్పేది నోయెలియా. ఆ కుర్చీ ఆమెది. పన్నెండో శిష్యుణ్ణి నేను."

డీన్ నోరు తెరిచాడు, మూశాడు. విద్యార్థులకి వయసు హద్దు పెట్టే నియమం ఉందేమోనని ఆయన మొహంలో వెతుకులాట కనిపించింది. లేదు. కెమెరా ఎర్రదీపం వెలుగుతూనే ఉంది. "అద్భుతం," అన్నాడు చివరికి, పంటి కింద రాయి తగిలినవాడిలాగా.

జేబులో కాగితం దాచుకున్న ముసలాయన దాన్ని మళ్ళీ బయటికి తీసి మడతలు విప్పాడు. నోయెలియా మైకు ఆయన ముందుకి జరిపింది. సగం హాలు అప్పటికే భోజనాల వైపు వెళ్ళిపోయింది. ఆయన మాత్రం ఉన్నవాళ్ళకే చదివాడు.

గురువారం వచ్చింది. తెంచా కారు నడిపింది, దారంతా ట్రాఫిక్‌ని తిట్టింది. బాయిలర్ గదిలో పన్నెండు మందీ వచ్చారు. పన్నెండు మందే వచ్చారు. బంతిపూలతో ఏడ్చినవాళ్ళలో ఇంకొక్కరు కూడా పొరపాటున తొంగిచూడలేదు. ఫిలిబెర్తో ఒచోవా పక్కన ఇరుకు కుర్చీలో కూర్చున్నాడు. రెండేళ్ళ తర్వాత రాసిన మొదటి పద్యం చదివాడు, తన చావు గురించే. బాగా వచ్చిందని ఆయనకి నమ్మకం. ముఖ్యంగా చివరి రెండు పాదాలు. నోరు లేనివాళ్ళకి నోరునై బతికాను, నేను పోతే వారి గొంతు మూగబోయింది అని ముగించాడు. ముగించి, కాగితం దించి, చుట్టూ చూశాడు.

ఒచోవా మీసం సవరించుకుంటూ కిటికీలోంచి చూస్తున్నాడు.

"మొదటి సగం బావుంది మాస్టారూ," అంది నోయెలియా. "చిన్నప్పుడు బళ్ళో నీళ్ళడిగినచోట నాకు ఏడుపొచ్చింది. చివరి రెండు పాదాలు తీసేయండి."

"అవే కదమ్మా అసలు పద్యం."

"ఈ గదిలో నోరు లేనివాళ్ళు ఎవరున్నారు మాస్టారూ?"

ఫిలిబెర్తో మొహం వేడెక్కింది. జవాబు చెప్పబోయి, ఒక్కొక్కరినే చూశాడు. సైన్యం ముసలాయన తన వంతు కోసం కాగితం సరిచేసుకుంటున్నాడు. నర్సు పెన్ను కొరుకుతోంది. డోరా ఏదో కొట్టేసి మళ్ళీ రాస్తోంది. తెంచా ఆయనకన్నా ఎక్కువ పేజీలు రాసి, తనని ఎప్పుడు పిలుస్తారా అని మోచెయ్యి బల్లకి ఆనించి కూర్చుంది.

"ఎవరూ లేరు," అన్నాడు ఫిలిబెర్తో.

పెన్ను తీసి ఆ రెండు పాదాలూ కొట్టేశాడు.